మందు కొట్టేవాడికి తెలియక కాదు

పోయిన నెల మా నల్లపాడు దగ్గర రైతు సేవా కేంద్రంలో ఒక సమావేశం పెట్టారు. ఖరీఫ్ మొదలవుతోంది కదా, పురుగుమందులు జాగ్రత్తగా వాడటం గురించి చెప్పడానికి పిలిచారు. గోడకి పెద్ద బొమ్మ తగిలించారు. అందులోని మనిషికి తల మీద టోపీ, కళ్ళకి అద్దాలు, ముక్కుకి మాస్కు, ఒంటినిండా కోటు, చేతులకి తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు. చెప్పడానికి వచ్చిన అబ్బాయి మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. చివర్లో మాత్రం, "ఇంత చెప్పినా రైతులు పాటించరు. అవగాహన లేకపోవడమే కారణం" అన్నాడు. వెనక బల్ల మీద కూర్చున్న పెద్దాయన లేచి, "బాబూ, సెప్టెంబరు ఉక్కలో ఆ బట్టలు వేసుకుని, రొమ్ముదాకా ఎదిగిన పత్తిలో ఒక్క ట్యాంకు నువ్వు కొట్టు. మిగతా తొమ్మిదీ నేను కొడతా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అబ్బాయీ నవ్వాడు. టీలు తాగి ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఉపన్యాసం సంఘం తరఫున నేనూ చాలా ఊళ్ళల్లో ఇచ్చాను. అవగాహన లేదన్న మాట నా నోటి నుంచి కూడా వచ్చింది. నా చేలో మనిషి పడిపోయేదాకా అదే నిజమనుకున్నాను.

అది 2021 డిసెంబరు. మిరప వేసినవాళ్ళెవరూ ఆ ఏడు మర్చిపోలేరు. నల్ల తామర పురుగు వచ్చిన సంవత్సరం. పువ్వు విప్పితే లోపల నల్లటి నలుసుల్లా కదిలేవి. పూత పూసింది పూసినట్టే రాలిపోయేది. ఇది త్రిప్స్ పార్విస్పైనస్ అని, బయటి దేశాల నుంచి వచ్చిన పురుగని శాస్త్రవేత్తలు చెప్పారు. మనం ఎప్పుడూ కొట్టే మందులకి అది లొంగలేదు. నాది ఎకరం సొంతం, మూడెకరాలు కౌలు. అప్పటికే కౌలుతో కలిపి ఎకరానికి లక్షన్నర పైన పెట్టాను. మూడు రోజులకోసారి మందు కొట్టిస్తున్నాను. ఏం కొట్టిస్తున్నానో కూడా చూసుకునే స్థితిలో లేను. ఆ రోజు అప్పు ఖాతా ఉన్న కొట్టుకు పోయి, ఏదో ఒకటి పనిచేసేది ఇమ్మన్నాను. ఆయన మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. రెండు కంపెనీ మందులు. మూడోది బయో. దాని మీద ఎర్రటి పువ్వు బొమ్మ, పూత నిలబెడుతుందన్న మాట తప్ప ఇంకేమీ లేదు. మూడూ కలిపి కొట్టమన్నాడు. సరేనన్నాను.

మందు కొట్టే కుర్రాడికి ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను బాబాయ్ అంటాడు. పొద్దున ఇంకొకరి తోటలో కొట్టి, పదిన్నరకి నా చేలోకి వచ్చాడు. ముక్కుకి టవలు చుట్టుకుని, లుంగీ పైకి కట్టి, వీపున తైవాన్ పంపు తగిలించుకుని దిగాడు. ఎనిమిదో ట్యాంకు సగంలో గట్టు మీదికి వచ్చి కూలబడ్డాడు. "బాబాయ్, కళ్ళు మసకేస్తన్నయ్" అన్నాడు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి ఆగకుండా చొంగ, కాళ్ళు వణుకు. మోటారు సైకిలు మీద మధ్యన కూర్చోబెట్టుకుని గుంటూరు తీసుకుపోయాం.

డాక్టరు మొదట అడిగింది ఒకటే. ఏం మందు కొట్టారు? సీసాలు ఏవి? సీసాలు కాలవ గట్టున పడేసి ఉన్నాయి. మా వాణ్ణి పంపి తెప్పించాను. డాక్టరు రెండు సీసాల లేబుళ్ళు చదివాడు. మూడోది తిప్పి తిప్పి చూశాడు.

"ఇందులో ఏముంది?"

"బయో అండీ."

"బయో అంటే ఏంటి?"

నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళ పైన సేద్యం చేస్తున్నవాణ్ణి, మైకు పట్టుకుని ఊరూరా మాట్లాడేవాణ్ణి, మా పిల్లాడి లాంటివాడి ఒంట్లోకి పోయినదేమిటో చెప్పలేక నిలబడ్డాను. వాడి కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఆ లక్షణాలను బట్టి డాక్టరు అట్రోపిన్ మొదలుపెట్టాడు. నాలుగో రోజుకి ఇంటికొచ్చాడు. చూడటానికి పోతే వాళ్ళావిడ మంచినీళ్ళు ఇచ్చి, "అదేం మందో మీకే తెలీకుండా ఈయన చేతికిచ్చారా బాబాయ్ గారూ" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ మాట మోస్తూనే ఇది రాస్తున్నాను.

వాడు తేరుకున్నాక ఒకరోజు అడిగాను. ఒరేయ్, జాగ్రత్తలన్నీ తెలియవా నీకు అని. వాడు నాకే పాఠం చెప్పాడు. గాలికి ఎదురు కొట్టకూడదు. ఖాళీ కడుపుతో దిగకూడదు. సీసాలో మందు ఒంపేటప్పుడే చేతికి ఎక్కువ తగులుతుంది. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదకూడదు. కొట్టిన బట్టలతో ఇంట్లోకి పోకూడదు. అన్నీ తెలుసు. మరెందుకురా అంటే, "ట్యాంకు లెక్క గదా బాబాయ్" అన్నాడు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఆ కుర్రాడికి రోజుకింతని ఇవ్వం, ట్యాంకుకింతని ఇస్తాం. ఎకరానికి పది ట్యాంకులు. ఎన్ని ఎక్కువ కొడితే అంత కూలి. చేతులు కడుక్కోవడానికి బోరు దాకా పోయొస్తే అర ట్యాంకు పోయినట్టే. గాలి తిరిగిందని ఆగితే ఇంకో ట్యాంకు పోతుంది. ఎండెక్కిందని మానేస్తే ఆ రోజు ఇంట్లో పొయ్యి మీద లెక్క తప్పుతుంది. కూలి లెక్క అలా కట్టింది మనం. కట్టి, వాడికి అవగాహన లేదంటున్నాం.

బట్టల సంగతీ అంతే. ఆ బొమ్మలోని కోటు మన ఎండకీ ఉక్కకీ కుట్టింది కాదు. నల్లరేగట్లో వానపడ్డాక బూట్లు వేసుకుని నాలుగడుగులు వేయండి, బూటు భూమిలో ఉంటుంది, కాలు బయటికి వస్తుంది. ప్లాస్టిక్ కోటు తొడిగి మధ్యాహ్నం కొడితే మందు కంటే ముందు వడదెబ్బ కొడుతుంది. ఆ బొమ్మ చూపించి చూపించి మనం ఒక చెడ్డ పని కూడా చేశామని నా అభిప్రాయం. అన్నీ వేసుకోవడం కుదరదు కాబట్టి మనిషి ఒక్కటి కూడా వేసుకోవడం మానేశాడు. నిజానికి చేలో మందు ఒంట్లోకి ఎక్కువగా పోయే దారి ముక్కు కాదు, చర్మం. అందులోనూ చేతులు. నీళ్ళు కలపని చిక్కటి మందు సీసాలోంచి ఒంపే ఆ రెండు నిమిషాలు అన్నిటికంటే ప్రమాదం. ముక్కుకి కట్టిన టవలు మందుతో తడిసిందంటే, రక్షణ పోయి, విషం మూతికి కట్టుకున్నట్టే. ఒంపేటప్పుడు రబ్బరు చేతొడుగులు, చేతులు నిండా ఉండే నూలు చొక్కా, నూలు ప్యాంటు, గట్టు మీద ఒక బిందె మంచినీళ్ళు, సబ్బు బిళ్ళ. ఇవి ఉంటే సగం ప్రమాదం తప్పుతుంది. ఇవి ఎవరు తేవాలి? కూలివాడా, చేను గలవాడా? నా చేలో ఆ రోజు సబ్బు బిళ్ళ లేదు.

మనం లెక్కలోకే తీసుకోని మనుషులు ఇంకా ఉన్నారు. 2003లో మన దేశంలోని మూడు పత్తి పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. 50 మంది ఆడవాళ్ళకి, మందు కొట్టిన ప్రతిసారీ తమకూ తమ ఇంటి మగవాళ్ళకూ ఒంట్లో ఏమైందో రాసిపెట్టడం నేర్పారు. 323 సందర్భాలు నమోదయ్యాయి. నూటికి 83 పైగా సందర్భాల్లో విషం తగిలిన లక్షణాలు ఏవో ఒకటి కనిపించాయి. తీవ్రంగా బాధపడినవాళ్ళలో కూడా ఒక్కరూ వైద్యం కోసం పోలేదు. చిన్న సన్నకారు రైతులకి పెద్ద రైతుల కంటే ఎక్కువ దెబ్బ తగిలింది. పంపు పట్టుకున్న మగవాడే కాదు, నీళ్ళు మోసి మందు కలిపి ఇచ్చిన ఆడమనిషికీ తగిలింది. మన దగ్గరా అంతే. డ్రమ్ములోకి నీళ్ళు పోసేది ఆమె. ఆ చొక్కా ఉతికేది ఆమె. ఇక కర్నూలు వైపు నుంచి మిరప కోతలకి వచ్చి చేల పక్కన గుడారాలేసుకునే కుటుంబాలున్నాయి. నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ వాళ్ళు కోతకి దిగుతారు. నిన్న కొట్టామని ఎంతమందిమి వాళ్ళకి చెబుతున్నాం? ఖాళీ మందు డబ్బాల్లో వాళ్ళు నీళ్ళు పట్టుకుంటుంటే వద్దని అన్నవాళ్ళెందరు?

ఇప్పుడు కొట్టు దగ్గరికి వద్దాం. ఏ మందు కొట్టాలో నిర్ణయం జరిగేది చేలో కాదు, ఆ బల్ల దగ్గర. కొట్టు యజమానిని తిట్టి ఊరుకోవడం తేలిక. మా ప్రాంతంలో ఆయన మనకి బావో మరిదో అవుతాడు, పెళ్ళికి పిలుస్తాడు, కష్టానికి ఆదుకుంటాడు. ఆయన మీద పైనుంచి కంపెనీల టార్గెట్లు ఉంటాయి. అసలు చిక్కు అప్పులో ఉంది. కౌలు రైతుకి బ్యాంకు గడప ఎక్కే దారి లేదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కార్డులన్నారు. భూమి గలాయన సంతకం పెట్టనిదే ఆ కార్డు రాదు, చాలామంది పెట్టరు. మరి పెట్టుబడి ఎక్కడిది? విత్తనం దగ్గర్నుంచి ఆఖరి మందు దాకా కొట్టు ఖాతా. ఖాతా ఉన్నవాడు ‘ఈ మందు వద్దు, ఆ మందు ఇవ్వండి’ అనలేడు. బిల్లు అడగలేడు. త్రికోణం ఏ రంగులో ఉందని సీసా తిప్పి చూస్తే, నా మీద నమ్మకం లేదా అంటారేమోనని మొహమాటం. ఒక్క మందు చాలు, మూడు వద్దని చెప్పడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం జేబులో డబ్బుంటే వస్తుంది. నిజంగానే నగదు పెట్టి కొనుక్కున్న ఏడాది నేను మందులు తక్కువ కొన్నాను. ఇది నా ఒక్కడి అనుభవం కాదని మా ఊళ్ళో నలుగురిని అడిగితే తెలిసింది.

ఇంతకీ ఆ రంగుల సంగతి ఒక్కసారి చెప్పుకుందాం, తెలియనివాళ్ళుంటారు. సీసా మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అన్నిటికంటే తీవ్రమైన విషం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే వేపాకు కాదు. వెంటనే ప్రాణం తీసే శక్తి తక్కువని అర్థం, అంతే. ఏళ్ళ తరబడి ఒంటి మీద పడితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. లోపల మడిచిపెట్టిన కాగితంలో విరుగుడు మందు ఏమిటో రాసి ఉంటుంది. అది చీమకాళ్ళంత అక్షరాల్లో ఉంటుంది. నేను పదో తరగతి చదివాను, కళ్ళజోడు పెట్టుకున్నా నాకే కనపడదు. ఇక ఏ గుర్తూ లేని సీసా అంటే అది చట్టం కింద రిజిస్టరైన మందు కాదని. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం రిజిస్టరు కాని పురుగుమందు అమ్మకూడదు. బయో పేరుతో పువ్వు బొమ్మలేసి అమ్మేవి ఎన్ని ఉన్నాయో మీ ఊరి కొట్టులోకి పోయి మీరే చూడండి.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాలకి ఈ పాఠం కొత్త కూడా కాదు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు పత్తి తెల్ల బంగారం. కొత్తగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులొచ్చాయి. కొడితే పురుగు ఠక్కున పడిపోయేది. మా నాన్న ఆ మందుని దేవుడిలా చూశాడు. పురుగుని తినే మిత్ర పురుగులు కూడా దాంతోపాటే పోయాయని అప్పుడు ఎవరికీ తెలియదు. 1984-85లో తెల్లదోమ పత్తి చేలని కమ్మేసింది, ఆకులు జిగురుతో నల్లబడిపోయాయి. ఆ తర్వాత శనగపచ్చ పురుగు ఏ మందుకీ చావకుండా తయారైంది. ఎంత కొడితే అంత మొండికేసింది. 1987-88లో మన రెండు జిల్లాల పత్తి రైతులు అదే మందు తాగి చనిపోతే దేశమంతా మన పేర్లు విన్నది. 1997-98లో వరంగల్‌కి అదే గతి పట్టింది. 2002లో బీటీ పత్తి వచ్చింది, కొన్నేళ్ళు కాయతొలుచు పురుగుకి మందులు తగ్గాయి. తర్వాత రసం పీల్చే పురుగులు పెరిగాయి, గులాబీ రంగు పురుగు వచ్చింది, పంపు మళ్ళీ వీపుకెక్కింది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మనిషి ఎత్తు పెరిగిన పత్తి, రెండు మూడు మందులు కలిపి కొట్టడం, ఉక్క. నా చేలో జరిగినదానికీ దానికీ తేడా ఏముంది? డాక్టరు లక్షణాలు పట్టుకున్నాడు కాబట్టి మా కుర్రాడు దక్కాడు.

మందు తాగి చనిపోయిన మాట ఎత్తాను కాబట్టి అది కూడా చెప్పాలి. పురుగుమందు జాగ్రత్త అంటే చేలో వాడకం ఒక్కటే కాదు, ఆ సీసా రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది కూడా. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్ళు 8,040 మంది. వాళ్ళలో నూటికి 22 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తమంతట తాము తాగినవాళ్ళే. పంట పోయిన రాత్రి, ఇంట్లో మాటామాటా పెరిగిన రాత్రి, ఎర్ర త్రికోణం సీసా చేతికందే చోట ఉంటే ఆ రాత్రి తెల్లారదు. తాళం వేసి పెట్టమని చెబుతుంటాం. శ్రీలంకలో ఇళ్ళకి తాళం పెట్టెలిచ్చి చూశారు, చావులు తగ్గలేదు. కానీ అదే శ్రీలంక 1995 నుంచి తీవ్రమైన విషాలను ఒక్కొక్కటిగా దేశంలోనే లేకుండా చేసింది. ఆత్మహత్యలు బాగా తగ్గాయి. వరి దిగుబడి పడిపోలేదు.

మన దగ్గర మోనోక్రోటోఫాస్ కథ చూడండి. కూరగాయల మీద వాడకూడదని 2005లోనే అన్నారు. కొట్టులో దొరుకుతూనే ఉంది, కొనేవాడు ఏ పంటకి కొంటున్నాడో ఎవరు చూస్తారు? 2013లో బీహారులో బడి భోజనంలో ఆ విషం కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. ఎక్కువగా అమ్ముడుపోయే 36 శాతం రకాన్ని కూడా ఆపాలన్న ఉత్తర్వు 2023లో గానీ రాలేదు. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. ఆ రోజుల్లో ఎండోసల్ఫాన్ లేకపోతే పత్తి పండదన్నారు. ఆ తర్వాత కూడా పత్తి పండింది కదా.

మరి రైతు మందు తగ్గించిన చోట్లు లేవా అంటే ఉన్నాయి. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు పత్తి పండిస్తూనే రసాయన మందులు మానేసింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. అక్కడ మగవాళ్ళని కదిలించింది మహిళా సంఘాలు. మందు అప్పు తీర్చేదీ, మందు తగిలిన మనిషికి సేవ చేసేదీ తామే కాబట్టి వాళ్ళకి లెక్క తొందరగా అర్థమైంది. మన జిల్లాల్లో పొలంబడులు నడిచినప్పుడు నేనూ ఒక ఖరీఫ్ అంతా కూర్చున్నాను. వారానికోసారి చేలోకి దిగి, మొక్కకి ఎన్ని పురుగులున్నాయో, వాటిని తినే సాలీళ్ళూ అక్షింతల పురుగులూ ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసేవాళ్ళం. ఆ లెక్క చేతిలో ఉంటే కొట్టుకు పోయే కాలు ఆగుతుంది. పురుగు కనపడింది కాబట్టి కొట్టాలన్న భయం పోతుంది. నల్ల తామరకి కూడా లాం ఫారం వాళ్ళు చెప్పింది అదే. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, చుట్టూ జొన్నో మొక్కజొన్నో రెండు మూడు వరసలు వేయండి, యూరియా తగ్గించండి, వేపనూనె వాడండి, కనపడిన మందల్లా కలిపి కొట్టకండి అన్నారు. నేను విన్నాను. విని కూడా కొట్టుకే పోయాను, ఎందుకంటే పక్క చేలో పంపు మోగుతోంది. పక్కవాడు కొడుతుంటే ఊరుకోవడం ఎంత కష్టమో సేద్యం చేసేవాడికే తెలుసు. అందుకే ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒక పొలిమేర అంతా కలిసి చేయాలి.

ధర కూడా మనిషిని మారుస్తుంది. మందు అవశేషాలు తక్కువున్న కాయకి నాలుగు రూపాయలు ఎక్కువిస్తామని ఎగుమతి కంపెనీలు కొన్ని ఊళ్ళల్లో రైతులతో ఒప్పందాలు పెట్టుకున్నాయి. ఆ ఊళ్ళల్లో డైరీలు రాస్తారు, ఏ రోజు ఏం కొట్టారో తారీఖు వేస్తారు, కోతకి ముందు ఇన్నిరోజులు ఆగుతారు. వాళ్ళకి మనకంటే తెలివి ఎక్కువని కాదు. ఆ జాగ్రత్తకి కాటా దగ్గర విలువ ఉంది. మన మిర్చి యార్డులో రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు చూస్తారు. నువ్వు ముప్పైసార్లు కొట్టావా, ఆరుసార్లు కొట్టావా అని ఎవరూ అడగరు. ఆరుసార్లు కొట్టినవాడికి ఒక మచ్చ ఎక్కువుంటే ధర కోస్తారు. ఇది మారకుండా జాగ్రత్త గురించి ఎన్ని పోస్టర్లు వేసినా గోడకే.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మన సంఘం అడుగుతూనే ఉంది. ఎర్ర త్రికోణం మందులు ఆపాలి, బయో పేరుతో దొంగ మందులు పట్టుకోవాలి, కౌలు రైతుకి బ్యాంకు అప్పు రావాలి, మందులు తక్కువ కొట్టిన కాయకి యార్డులో వేరే ధర కట్టాలి, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందులు ఎప్పుడూ ఉండాలి. మందు తగిలి పడిపోయిన కూలీకి పరిహారం రావాలన్నది మాత్రం మన డిమాండ్ల పత్రాల్లో చివరి వరసలో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు కూడా. పాత చట్టం స్థానంలో 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకో బిల్లు పార్లమెంటుకి వచ్చాయి. వాటి మీద మనం మాట్లాడినప్పుడు కూడా నకిలీ మందులతో పంట పోతే ఎంతిస్తారన్నదే అడిగాం. మందు కొట్టేవాడి గురించి ఎంత అడిగాం?

అందుకని మనం మన చేతుల్లో ఉన్నది ముందు చేద్దామని మా ఊరి కమిటీలో ప్రతిపాదన పెట్టాను. మందు కొట్టడానికి ట్యాంకు లెక్క తీసేసి పూట లెక్క ఇవ్వాలి. పొద్దున పది దాటాక కొట్టించకూడదు, కావాలంటే సాయంత్రం మిగతాది. చేతొడుగులు, సబ్బు, నీళ్ళు చేను గలవాడే గట్టు మీద పెట్టాలి. బిల్లు లేని సీసా, త్రికోణం లేని సీసా చేలోకి రాకూడదు. కొట్టిన రోజు గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టాలి, కోత కూలీలకి తెలిసేలా.

వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. పూట లెక్కయితే పని సాగదు, ఖర్చు పెరుగుతుంది, ఇప్పటికే గిట్టుబాటు లేదు అన్నారు. వాళ్ళ మాట తీసిపారేసేది కాదు. నేనూ లెక్క వేశాను. నా నాలుగెకరాలకి సీజను మొత్తం మీద కూలి కొంత పెరుగుతుంది, నిజమే. కానీ ఆ ఏడాది నేను కలిపి కొట్టించిన మూడో సీసాలకి పెట్టిన డబ్బులో అది సగం కూడా కాదు. ఆ మూడో సీసా పని చేయలేదు, మనిషిని పడేసింది. ఆసుపత్రి ఖర్చు వేరే. ఒక పెద్ద రైతు, "కూలీల సంఘం మాట నువ్వు మాట్లాడుతున్నావేంటి, మనది రైతు సంఘం" అని కూడా అన్నాడు. మన సభ్యుల్లో సగం మంది తమ చేను తామే కొట్టుకునేవాళ్ళు, మిగతా రోజుల్లో పక్కవాడి చేలో కొట్టేవాళ్ళు. ఎవరు రైతు, ఎవరు కూలీ అన్న గీత మిరప చేలో ఎక్కడుందో ఆయన చూపించాలి.

తీర్మానం ఇంకా కాలేదు. పదిహేడు మంది ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు చూద్దామన్నారు. వచ్చే నెల మళ్ళీ కూర్చుంటాం, మిగతా గ్రామాల కమిటీలు కూడా తమ దగ్గర దీన్ని చర్చకు పెట్టి, ఏమనుకున్నారో పత్రికకి రాయండి.

ఆ కుర్రాడు ఇప్పటికీ మందు కొడుతున్నాడు. వేరే పని లేదు, ఇద్దరు పిల్లలు. నా చేలోకి వచ్చినప్పుడు మాత్రం ముందు సీసాలు గట్టు మీద వరసగా పెట్టమంటాడు, బిల్లు చూపించమంటాడు. పోయిన ఏడు పూత దశలో రెండు సీసాలకి బిల్లుంది, ఒకదానికి లేదు. కొట్టాయన చేతిలో పెడితే మొహమాటానికి తెచ్చాను. వాడు దాన్ని పక్కకి జరిపి, "ఇది మీరే కొట్టుకోండి బాబాయ్" అన్నాడు. సాయంత్రం దాన్ని తిరిగి కొట్టులో ఇచ్చేసి, ఖాతాలోంచి కొట్టేయించుకుని వచ్చాను.